మా పండుగ దాకా ఆగిన టీచరమ్మ

పోయిన నెలలో ఒక పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి పోవడానికి తయారవుతుంటే భద్రాచలం నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా వేదపాఠం టీచరమ్మ కూతురు. "అమ్మ పోయిందే" అంది. సగం అల్లిన జడతో గడప మీద కూలబడ్డాను. మా అయ్య చూసి "ఏందే?" అన్నాడు. చెప్పాను. ఆయన తువ్వాల తలకు చుట్టుకుని, "నడువు, బస్సు పోతది" అన్నాడు. ఒకప్పుడు ఆమె బడికి నన్ను పోనియ్యనని వాకిట్లో కట్టె పట్టుకుని నిలబడింది ఈ అయ్యే.

మాది చర్ల అవతల అడవిలో కోయ ఊరు. రోడ్డు మీది మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అక్కడ రోజూ మొదటి పీరియడ్ వేదపాఠం, అంటే బైబిలు కథలు, పాటలు. అది చెప్పే టీచరమ్మ మధిర వైపు మనిషి. పొట్టిగా, సన్నగా ఉండేది. గొంతు మాత్రం, చెప్పకూడదు గానీ, పాటకు అస్సలు పనికొచ్చేది కాదు. ఆ సంగతి ఆమే ముందు చెప్పేసేది: "నేను తప్పుగా పాడతాను, మీరు సరిగ్గా పాడండి." మేం సరిగ్గానే పాడేవాళ్ళం. అదెట్లా వచ్చేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. బుగ్గన లవంగం పెట్టుకుని, బట్ట చుట్టిన బోర్డు మీద కాగితం బొమ్మలు ఒక్కొక్కటే అతికిస్తూ కథ చెప్పేది. మగపిల్లలను కూడా "అమ్మా" అనే పిలిచేది. వాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు.

ఒకరోజు తప్పిపోయిన గొర్రె కథ చెప్పింది. కాపరి మంద మొత్తాన్ని వదిలేసి ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ పోయాడట. నేను మేకలు కాసినదాన్ని, ఊరుకుంటానా? "మరి మిగిలినయి ఎవరు కాసిండ్రు టీచరమ్మా? చిరుతపులి రాదా?" అని అడిగాను. క్లాసంతా పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. మర్నాడు వస్తూనే నా దగ్గరికొచ్చి, "నిన్నటి నుంచి ఆలోచిస్తున్నానమ్మా, నాకు తెలియలేదు. ఇన్నేళ్ళుగా చెబుతున్నా నాకీ అనుమానమే రాలేదు చూడు" అంది. నేనూ ఇప్పుడు పంతులమ్మనే. పిల్లల ముందు తెలియదని ఒప్పుకోవాలంటే నాకు నోరు రాదు.

నాలుగో తరగతిలో జరిగింది చెప్పాలి. బడిలో కోత పండుగ వచ్చింది. "మీ ఇంట్లో పండినదాంట్లో మొదటిది తెచ్చి దేవుడికి ఇవ్వాలమ్మా" అని ఆమె చెప్పింది. నేను మా దడి మీద అప్పుడే కాసిన చిక్కుడుకాయలు లంగా ఒడిలో వేసుకుని తీసుకుపోయాను. ప్రార్థన అయ్యాక అవి మధ్యాహ్నం కూరలో పడ్డాయి. అందరం తిన్నాం. ఆమె కూడా తింది.

మా ఊళ్ళో చిక్కుడు పండుగ చేసి, కొత్త కాయలు ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ ఒక్క కాయ నోట పెట్టరు. అది నాకు తెలియదా? తెలుసు. కానీ టీచరమ్మ మొదటిది అంది కదా అనుకున్నాను. సంగతి రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. అదే వారం మా తమ్ముడికి జ్వరం తగిలింది. ఇంకేముంది! "గిట్ల నేర్పే బడి మనకొద్దు. రేపటి సంది మేకల ఎంబడి పో" అన్నాడు అయ్య. పలక అటక మీదికి పోయింది. తొమ్మిది రోజులు మేకల వెనక తిరుగుతూ, ఎవరూ లేనిచోట ఆమె నేర్పిన పాటలు పాడుకుంటూ ఏడ్చాను.

పదో రోజు ఆమె వచ్చింది. రోడ్డు నుంచి మా ఊరికి అప్పుడు కాలిబాటే. వాగు దాటి, చీర అంచు తడిసి, ఒక్కతే వచ్చింది. మంచం వేస్తే కూర్చోలేదు. ఊరి పెద్ద ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"తప్పు పిల్లది కాదు బాబూ, నాది. మొదటిది తెమ్మన్నాను గానీ, మీ దగ్గర మొదటిది ఎవరికి చెందుతుందో అడగలేదు."

"అయితే తప్పు కట్టాలె. కోడి, కొబ్బరికాయ" అన్నాడు ఊరి పెద్ద.

ఆమె తల వంచుకుంది. "దేవతకు కోడి ఇస్తే మా చర్చి సంఘం వాళ్ళు నన్ను బతకనివ్వరు. ఇవ్వకపోతే ఈ పిల్ల చదువు పోతుంది. నావల్ల అయ్యేది ఇంకేదైనా చెప్పండి."

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "గట్లనా! అయితే మా పండుగ అయ్యేదాంక నువ్వు గూడ కొత్త చిక్కుడుకాయ ముట్టకు. మా లెక్కనే ఆగాలె. ఉంటవా?"

"ఉంటాను."

"అవన్నీ ఉత్త మాటలు" అన్నాడు మా అయ్య, ఆమె వినేటట్టే.

ఆ మరుసటి ఏడు బడి కోత పండుగను మా పండుగ అయ్యాకే పెట్టించింది. పాస్టరుగారు గొణిగితే, "రెండు వారాలు ఆగితే దేవుడేమీ అలగడండీ" అందట. కానీ అదంతా తర్వాత. ఆరోజు మాత్రం ఆమె వాగు దాటి పోయేదాకా చూసి, అయ్య అటక మీది నుంచి పలక దింపాడు. నా చేతికి ఇవ్వలేదు, నా పక్కన పెట్టి పోయాడు.

నేను వాళ్ళ సంఘంలో కలవలేదు. మా దేవతలే నాకు. పెద్దయ్యాక ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "బాధగా లేదా టీచరమ్మా?" అని. "చెప్పడం నా పని, వినడం నీ పని. ఆ తర్వాతది మనిద్దరి పనీ కాదమ్మా" అంది.

రిటైరయ్యాక భద్రాచలంలో కూతురి దగ్గరే ఉంది. ఏటా చలి మొదలవగానే ఫోన్ చేసేది. "ఏమ్మా, మీ చిక్కుడు పండుగ అయ్యిందా?" ఒకసారి నవ్వొచ్చి, "ఆ పెద్దాయన అన్నది ఆ ఒక్క ఏడాదికే టీచరమ్మా" అన్నాను. "ఎన్నేళ్ళని ఆయన చెప్పలేదుగా" అంది. అయిందని చెబితే "హమ్మయ్య" అని ఫోన్ పెట్టేసేది. అంతే మాట్లాడేది. ఆ కాస్త మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది. ఆమె ఉన్నప్పుడు తెలిస్తే బాగుండేది.

సమాధి దగ్గర మా అయ్య అందరి వెనకా నిలబడ్డాడు. పాటలు, ప్రార్థన అయిపోయి అందరూ పోయాక ముందుకొచ్చి పిడికెడు మట్టి వేశాడు. "మాట మీద నిలవడ్డది" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

మొన్న మా ఊళ్ళో చిక్కుడు పండుగ అయింది. దేవతకు పెట్టి ఇంటికొచ్చి కూర పొయ్యి మీద పెట్టాను. "టీచరమ్మకు చెప్పినవా?" అన్నాడు అయ్య. అనేసి, గుర్తొచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు పొయ్యి ముందు నిలబడ బుద్ధి కాలేదు. బయటికొచ్చి ఆమె నంబరుకే చేశాను. ఎందుకు చేశానో అడగకండి.

అక్క ఎత్తింది.

"పండుగ అయిందా?" అంది అక్కే.

"అయిందక్కా."

"ఇక్కడ దడి మీద తీగ నిండా కాయలే. ఒక్కటి తెంపనియ్యలే మా అమ్మ. మంచంల పడి గూడ, కబురు రాలేదు కదా అనేది." అక్క గిన్నె తీసిన చప్పుడైంది. "ఉండు, ఫోన్ పెట్టేయకు."

అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీసింది. కాసేపటికి కాయలు ఒక్కొక్కటే స్టీలు గిన్నెలో పడుతున్న చప్పుడు. గిన్నె నిండేదాకా వింటూ నిలబడ్డాను.