జోరీ తెచ్చిన ఎర్రరాయి

డిగొరీ రోజూ తెల్లారగానే ప్రార్థన చేసుకుని, కొట్టు ముందున్న కుప్పలోంచి ఒక రాయి తీసి బకెట్లో ముంచేవాడు. రంగు చూసుకుని, చెవి దగ్గర పట్టి, చిన్న సుత్తితో తట్టేవాడు. గంటలా మోగితే, రాతిని గిర్రున తిప్పి గిన్నెలుగా తీర్చే తరిమెన మీదికి ఎక్కించేవాడు. మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టే, అది గోడలు కట్టే రాళ్ల పాలు.

కార్న్‌వాల్ సీమ కొసన, సముద్రం ఒడ్డునున్న ఆ లిజర్డ్ ఊళ్లో చాలామందికి కూడు పెట్టింది ఈ పామురాయే. ఎన్నడో సముద్రం అడుగున నల్లరాతిలోకి నీళ్లు ఇంకి ఇంకి, పచ్చా ఎరుపూ కలిసి పాముచర్మంలా తేలిందంటారు. తడిగా ఉంటే కన్ను తిప్పుకోనివ్వదు, ఆరితే బూడిదముద్ద. "మెరుగు పెట్టడమంటే ఆ తడిని ఆరకుండా ఆపడమే" అనేవాడు డిగొరీ.

పోయిన చలికాలం కొడుకు జోరీ చేపలవేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు, సమాధీ లేదు. ముందురోజు ఒడ్డు నుంచి భుజాన మోసుకొచ్చిన ఎర్రరాయి ఒక్కటే మిగిలింది. దాన్ని జ్ఞానస్నానం గిన్నెగా చేసి చర్చికిస్తే, అందులోని నీళ్లు మొదట తాకేది కోడలు లవ్‌డే కడుపులో ఉన్న జోరీ బిడ్డకేనని డిగొరీ ఆశ.

ఆ ఉదయం రాయిని రెండు ముక్కలు చేశాడు. మొదటిది తట్టి తరిమెనకెక్కించాడు. అంచు దిద్దుతుంటే పగిలి రెండుగా ఊడిపడింది.

పక్క కొట్టు హానిబల్ తొంగిచూశాడు. "ఏం బావా, చెవుల్లో దూది పెట్టుకున్నావా? ఆ బీట మా గాడిదకి కూడా వినబడేది."

డిగొరీ నవ్వలేదు. కాసేపటికి హానిబల్ తన దగ్గరున్న మంచి రాయొకటి తెచ్చి, డిగొరీ గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం లవ్‌డే మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన వేడివేడి పేస్టీ తెచ్చింది. ఎవరిది వాళ్లకి తెలిసేలా పిండితో పేరులో మొదటి అక్షరం అద్దడం ఆమెకలవాటు. ఇవాళ దానిమీద జోరీ అక్షరం ఉంది. ఇద్దరూ చూశారు. డిగొరీ దాన్ని సగానికి విరిచి ఆమెకిచ్చాడు.

"రెండో ముక్క ఎప్పుడు మొదలెడతారు మామయ్యా?"

ఆయన ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. ఆమె మళ్లీ అడిగింది, ఇంకా గట్టిగా అడిగింది. అప్పుడామెకి అర్థమైంది.

"ఎన్నాళ్లనుంచి?" అంది, ఆయన చెవి దగ్గరికొచ్చి.

"ఏడాదైంది. చెవుల్ని తరిమెన రొద తినేసింది. తట్టడం చేతికలవాటు, అంతే." పగిలిన ముక్కల్ని పక్కకి నెట్టాడు. "ఆ రోజు వేటకి వెళ్తూ వెళ్తూ వాడు గుమ్మంలోంచి ఏదో అన్నాడమ్మా. వినబడక, నవ్వి తలూపాను."

డిగొరీ మిగిలిన రాతిముక్కని నీళ్లలో ముంచి, ఆమె చెవి దగ్గర పట్టాడు.

"నేను తడతాను, నువ్వు విను తల్లీ. మోగకపోతే మోగలేదనే చెప్పు. నామీద జాలిపడి అబద్ధమాడకు."