గేటు పడేలోపు

మార్కాపురం టాక్సీ డ్రైవరు ఉమామహేశ్వర్లు, విమానం ఎక్కేవాళ్లను హైదరాబాదు తీసుకెళ్లేటప్పుడు దారిలో టీకి కూడా ఆగడు. రాత్రయితే దోర్నాల దగ్గర అడవి గేటు వేసేస్తారు. గేటు పడితే విమానం పోయినట్టే. ఇన్నేళ్లలో అతని బండికి ఒక్కసారీ గేటు పడలేదు. ఈరోజు తర్లుపాడులో, కువైట్‌కు ఇంటిపనికి పోతున్న దయామణి కోసం చేసే ప్రార్థన ఎంతకీ ముగియలేదు. అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వాకిట్లోనే నిలబడ్డాడు. ఇప్పుడు బండిని ఉరికిస్తున్నాడు.

"కువైట్‌కు విమానంలో ఎంతసేపన్నా?" అంది దయామణి. "ఐదు గంటలమ్మా." అందరికీ చెప్పే జవాబే. "అంతేనా. అట్లయితే నా పిల్లోనికి జొరమొస్తే పొద్దున బయల్దేరి మాపటికి వచ్చేయొచ్చు." అతను దించి వచ్చిన ఆడవాళ్లెవరూ రెండేళ్లలోపు తిరిగి రాలేదు. ఎదురుగా గార్డు గేటు దించబోతూ, తొందరగా రమ్మని చెయ్యి ఊపాడు. ఉమామహేశ్వర్లు కాలు మెల్లగా యాక్సిలరేటరు మీదినుంచి లేచింది.