నా మొదటి పూచీ పిటిషన్

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని ఆ రోజుల్లో, రాజమండ్రి కోర్టులో కొత్తగా నల్లకోటు తొడుక్కున్న ఆడపిల్లకి దొరికే పని ఒక్కటే: లేచి నిలబడి వాయిదా అడగడం. అందులో నేను ఆరితేరిపోయాను. మా సీనియరు గారికి జ్వరమనీ, దగ్గనీ, పై కోర్టులో ఉన్నారనీ (ఒకసారి కంగారులో మూడూ కలిపి) చెప్పి వాయిదాలు పట్టుకొచ్చేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరారా వాదించాలని ప్రాణం కొట్టుకుపోయేది.

అలాంటి సమయంలో కడియం నుంచి ఒక పూలమొక్కల రైతు మా ఆఫీసుకి వచ్చారు. ఆయన్ని అందరం నర్సరీ బాబాయి గారు అనేవాళ్లం. ఆయన పెదనాన్న కొడుకు, వరసకి తమ్ముడు, మస్కట్‌లో స్థిరపడ్డాడు. రెండు కుటుంబాలూ కలిసి వాడుకున్న కల్లం స్థలం మొత్తం తనదేనని అక్కణ్ణుంచే ఈయన మీద దావా వేయించాడు. "ఒక్క మాట కబురు చేస్తే పోయేదానికి కోర్టు మెట్లెక్కించాడండి నన్ను!" అని బాబాయి గారు భగ్గుమంటున్నారు. నేను గబగబా చట్టం పుస్తకం తిరగేసి ఎగిరి గంతేశాను. దావా వేసినవాడు విదేశంలో ఉండి, తగాదాలో ఉన్నది కాక ఈ దేశంలో చెప్పుకోదగ్గ స్థిరాస్తి లేకపోతే, రేపు ఓడితే అవతలివాళ్ల ఖర్చులు ఎవరిస్తారు? అందుకని ముందే పూచీ పెట్టమని కోర్టు అడగొచ్చు. పెట్టకపోతే దావానే కొట్టేస్తుంది! మా సీనియరు గారు కళ్లజోడు పైనుంచి చూసి, "అయితే పిటిషన్ నువ్వే రాయి, నువ్వే వాదించు. నెగ్గావా, ఈ కేసు మొత్తం నీదే" అన్నారు. ఆ మాట విన్నాక మేడమెట్లు ఎలా దిగానో నాకు తెలియదు.

"బాబాయి గారూ, మీ తమ్ముడు గారికి ఇక్కడ వేరే ఆస్తి ఏమైనా ఉందాండీ?" అనడిగాను. "వాడికా? ఏముందమ్మా, వాడి మొహం!" అన్నారాయన. నాకు అంతకంటే ఏం కావాలి! అదే అఫిడవిట్‌లో రాసి చదివి వినిపించాను. ఆయన తలూపి శుభ్రంగా సంతకం పెట్టారు.

వాదన రోజున బాబాయి గారితో పాటు వాళ్ల ఊరివాళ్లు రెండు ఆటోల్లో దిగారు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకముందే జడ్జి గారు, "పార్టీ వచ్చారు కదమ్మా, తెలుగులోనే చెప్పండి, ఆయనకీ అర్థమవుతుంది" అన్నారు. తెలుగులోనా! (కాలేజీలో వక్తృత్వం బహుమతులన్నీ నావే మరి.) ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. "అయ్యా! ఈ వాదికి ఈ గడ్డమీద కాలు మోపడానికి జానెడు నేల లేదు. తలదాచుకోవడానికి పూరిపాక లేదు. రేపు ఓడిపోతే జప్తు చేసుకుందామన్నా ఒక్క కొబ్బరిచెట్టు లేదు!" జడ్జి గారి కలం ఆగిపోయింది. అది నా ప్రతిభే అనుకుని, "ఇలాంటి దిక్కూ మొక్కూ లేని..." అని గొంతు ఇంకాస్త పెంచాను.

"ఆగండమ్మా!"

వెనక్కి తిరిగితే బాబాయి గారు, ముఖం కందగడ్డలా ఎర్రగా చేసుకుని నిలబడి ఉన్నారు. "ఎవరికండీ దిక్కులేనిది? మా పెదనాన్న కొడుకండి వాడు! కాలవగట్టు మీద రెండెకరాల కొబ్బరితోట ఉందండి వాడికి. బంగారంలాంటి తోట. నీళ్లు పెట్టించేది నేనే కదండీ!"

జడ్జి గారు అఫిడవిట్ పైకెత్తి, "మరి ఏమీ లేదని ప్రమాణం చేసి సంతకం పెట్టారు కదయ్యా?" అన్నారు.

"పెట్టానండి. కోపంలో ఉన్నానండి. కాగితం మీద రాసుకుంటే రాసుకున్నార్లే అనుకున్నానండి. ఇలా ఊరందరి ముందూ మా ఇంటిపేరోణ్ణి అడుక్కుతినేవాణ్ణి చేసేస్తే ఎలాగండి?"

అవతలి లాయరు గారు లేచి, "నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశారండి" అని హాయిగా కూర్చున్నారు. జడ్జి గారు నవ్వాపుకుంటూనే బాబాయి గారికి గట్టిగా చీవాట్లు పెట్టి, నా పిటిషన్ కొట్టేశారు.

నేను వరండాలోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సిగ్గు, కోపం, దుఃఖం అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. మా సీనియరు గారు వచ్చారు. తిడతారనుకుంటే, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "పిచ్చిపిల్లా, నువ్వు చప్పగా వాదించి ఉంటే పిటిషన్ నెగ్గేది కదే!" అని, ఫైలు నా చేతిలో పెట్టి, "ఈ మహానుభావుడితో వేగడం నా వల్ల కాదు, నువ్వే చూసుకో" అన్నారు. అలా, ఓడిపోయి నా మొదటి కేసు సంపాదించుకున్నాను.

ఇప్పుడు అలాంటి పిటిషన్లు నాలుగు ముక్కల్లో, గొంతు పెంచకుండా చెప్పి కూర్చుంటాను. చాలావరకు నెగ్గుతాను కూడా. కానీ నా మాట విని ఒక మనిషికి అంత రోషం రావడం మాత్రం మళ్లీ ఎప్పుడూ జరగలేదు.