సరళక్క కంచం మీద నా కన్ను

మా ఇండియన్ స్టోర్‌లో ఈ మధ్య శనివారాల్లో వేడివేడిగా సర్వపిండి అమ్ముతున్నారు. తలుపు తోయగానే నువ్వులు, వెల్లుల్లి, బియ్యప్పిండి కలిసి మాడీ మాడకుండా కాలే వాసన వస్తుంది. మొన్న కొత్తిమీర కోసం వెళ్ళి, ఆ వాసనకి బియ్యం బస్తాల దగ్గరే నిలబడిపోయాను. మాది తెనాలి. సర్వపిండి అనేది ఒకటుందని మిషిగన్‌లోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసింది సరళక్క వల్ల. ఆమెది కరీంనగర్. ఇక్కడ ఆమెను ఎరిగినవాళ్ళెవరిని కదిపినా 'మంచి మనిషండీ' అంటారు. నాకు మాత్రం ఆమె పేరు వింటే ముందు కడుపులో మంట లేస్తుంది, తరవాతే మిగతావన్నీ. ఆమె ఇప్పుడు దేశానికి ఆ చివర, బాతెల్‌లో ఉంటోంది. అంత దూరం వెళ్ళినా నా మంట పూర్తిగా చల్లారలేదు. మీరు ఆమెను చూడలేదు కాబట్టి, చెప్పే మనిషికి కాస్త కుళ్ళు ఉందని ముందే తెలుసుకుని వినండి.

2007లో నేను ఎం.ఎస్. ముగించి, కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. స్నేహితులందరూ రక్తదానానికి వెళుతుంటే సరదాగా నేనూ వెళ్ళాను. కొన్నాళ్ళకి ఇక రక్తం ఇవ్వొద్దని కబురు వచ్చింది. నాకు హెపటైటిస్ బీ ఉందట. డాక్టరు ఓపిగ్గా చెప్పింది: బహుశా పుట్టినప్పుడో చిన్నప్పుడో వచ్చి ఉంటుంది, ఇప్పుడు నిన్నేమీ చేయడం లేదు, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూ లివర్‌ని కనిపెట్టుకుని ఉండాలి, కలిసి తింటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు, రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఆమె అంత చెబితే నా చెవికెక్కింది శారీరక సంబంధం అన్న ముక్కే. మా వైపు ఆడపిల్లకి లివర్ జబ్బంటే మొదట తాగుతుందా అని నవ్వుతారు, తరవాత ఎలా వచ్చిందో ఊహించుకుంటారు. ఆ ఊహ ఒక్కసారి మొదలైతే ఎవరూ ఆపలేరు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "నీ రూమ్మేట్‌కి కూడా చెప్పకు. గోడలకి చెవులుంటాయి" అని పెట్టేసింది.

లివర్ డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో తెలుగు మొహం ఒకటి కనబడేసరికి చేతిలోని పత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ అన్ని ఖాళీ కుర్చీలూ వదిలేసి నా పక్కనే వచ్చి కూర్చుంది. నలభైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చలికోటు కింద పచ్చ చుడీదార్.

"తెలుగేనా?"

"అవునండీ."

"హెపటైటిస్ బీ నా?"

నాకు తల తీసేసినట్టయింది. "కాస్త మెల్లగా అండీ" అన్నాను.

"నాకు గూడ గదే. మెల్లగ ఎందుకు, ఈ తెల్లోళ్ళకు తెలుగు వస్తదా ఏంది? ఈడ కూసున్నోళ్ళందరికి ఏదో ఒక లివర్ కథ ఉంటది గద" అని, పత్రిక నా చేతిలోంచి తీసి, "తలకిందులు పట్టుకున్నవ్" అని తిప్పి ఇచ్చింది.

సరళక్క పరిచయం అది. నోట్లో నువ్వుగింజ నానదు, కనీసం తన విషయంలో. నా సంగతి మాత్రం నేను చెప్పేదాకా ఏ ఒక్కరి దగ్గరా నోరు జారలేదు, భర్త రమేష్ అన్న దగ్గర కూడా. ఆ చలికాలం మంచులో కారు నడపడం నాకు చేతకాకపోతే ఆమే రోజూ ఆఫీస్‌కి దించేది. ఒకరోజు సిగ్నల్ దగ్గర కారు ఆపి, పల్లీపట్టిని చున్నీ చెంగులో చుట్టి పంటితో విరిచి సగం నాకిచ్చింది. చిన్నపిల్లలు బట్ట అడ్డం పెట్టి కొరుక్కుని, కాకెంగిలి కాబట్టి ఎంగిలి కాదని పంచుకుంటారే, అలా. "మనిద్దరికి కాకెంగిలి దండుగ గనీ, అలవాటు" అంది. ఎంగిలి చేత్తో ఉప్పుగిన్నె ముట్టుకుంటే కసిరే ఇంట్లో పెరిగినదాన్ని నేను. రక్తపరీక్ష వచ్చాక నా అంతట నేనే నా గ్లాసు విడిగా పెట్టుకుంటున్నాను. ఎంగిలికి ఆ జబ్బు అంటదని డాక్టరు చెప్పినా సరే, డాక్టరు మాటకంటే అమ్మ కసురే నాకు బాగా నాటుకుంది. ఆ పల్లీపట్టి ముక్క తింటూ ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా. అదే జబ్బు, అదే డాక్టరు. ఈవిడ పల్లీపట్టి కొరికి ఇస్తుంటే నేను నా గ్లాసుని రూమ్మేట్ గ్లాసుకి తగలకుండా కడుక్కుంటున్నాను.

అసలు మంట విజయగారింట్లో మా తెలుగువాళ్ళం తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్ రోజున మొదలైంది. విజయగారికి కాగితం ప్లేట్లంటే చులకన. ఇండియా నుంచి స్టీలు కంచాలు తెప్పించుకుని, "మా ఇంట్లో వీటిలోనే" అని గర్వంగా చెప్పుకునేది. ఆరోజు అందరికీ స్టీలు కంచాలు అందిస్తూ, సరళక్క దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచో ఒక కాగితం ప్లేటు తీసింది. "మీకిది ఈజీగా ఉంటుంది సరళగారూ" అంది నవ్వుతూ. పక్కనే నిలబడ్డ నా చేతిలో స్టీలు కంచం ఉంది. నన్నెవరూ అనుమానించలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి.

"నాకు స్టీల్‌దే ఇయ్యి విజయా" అంది సరళక్క. "తిన్నంక నేనే కడుగుత. నా జబ్బు రక్తంల ఉన్నది, నీ చారుల పడదు."

విజయగారు మొహం మాడ్చుకుని కంచం ఇచ్చింది. సరళక్క తాను తెచ్చిన సర్వపిండి తుంచుకుంటూ, అందరితో మామూలుగా మాట్లాడుతూ తిన్నది. అప్పుడు రమేష్ అన్న వచ్చాడు. పొడుగ్గా, ఎక్కువ మాట్లాడని మనిషి. ఆమె కంచంలో రెండు ముద్దల పెరుగన్నం, కొరికి వదిలేసిన మామిడికాయ ముక్క మిగిలి ఉన్నాయి. ఆయన ఆ కంచం తీసుకుని, హాలు మధ్యలో నిలబడి, అందరూ చూస్తుండగా ఆ పెరుగన్నం తిన్నాడు. ఆ మామిడిముక్క కూడా చప్పరించాడు. విజయగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కంచం చూసి నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాననే చెప్పాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నాకైతే పొరుగింటి ఎంగిలి కూడా రుచిగానే కనిపించింది. నాకు ఆమె ధైర్యం మీద అంత కుళ్ళు లేదు. నోరున్నవాళ్ళు బోలెడుమంది ఉంటారు. నా కుళ్ళంతా ఆ రెండు ముద్దల మీద. నా జబ్బు తెలిసి కూడా నా కంచంలో మిగిలింది తినే మనిషి నాకు కావాలి. అలాంటి మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటే వాణ్ణి ఆవిడ ముందే పట్టేసుకున్నట్టు అనిపించింది. ఆ రాత్రి ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మరుసటి ఏడాది నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి కిరణ్, కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో సాఫ్ట్‌వేర్. జాతకాలు కలిశాయి, పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, అతను నన్ను చూడటానికి విమానం ఎక్కి వచ్చాడు. కాఫీ షాప్‌లో "నీది బాగుందా?" అని నా కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. చాలా మామూలుగా తాగాడు. నాకు ఆ గుక్క దగ్గరే మనసు పడిపోయింది. తిరిగి వెళ్ళాక రోజూ ఫోన్ చేసేవాడు. నిశ్చితార్థానికి ముహూర్తం చూస్తున్నారు. చెప్పాలా, వద్దా?

అమ్మ ఒకటే మాట. "ముందు తాళి పడనీ. తరవాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు. మగాడు మెత్తబడ్డాక ఏమీ అనడు."

సరళక్కది ఇంకో మాట. "చెప్పు. ఆయన మూడు సూదులు ఏసుకుంటే అయిపాయె. టీకా ఉన్నది గద."

"వద్దంటే?"

"వద్దంటే వద్దంటడు."

ఎంత తేలిగ్గా అందో. ఇంట్లో రమేష్ అన్నని పెట్టుకుని ఎవరైనా అలాగే అంటారు అనుకున్నాను. అయినా కిరణ్‌కి చెప్పాను. నిజాయితీతో చెప్పానంటే అబద్ధం. ఆమెకి దొరికింది నాకూ దొరకాలని చెప్పాను. నా కళ్ళ ముందు ఒకటే బొమ్మ ఉంది: హాలు మధ్యలో నిలబడి కిరణ్ నా కంచంలో పెరుగన్నం తింటున్నాడు. ఫోన్‌లో అంతా విని, "ఓకే. చెప్పినందుకు థాంక్స్. ఐ జస్ట్ నీడ్ సమ్ టైమ్" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఆ వారంలోనే వాళ్ళమ్మ మా అమ్మకి ఫోన్ చేసింది. జాతకాలు కలవలేదట. కలిశాయని చెప్పిన పంతులు వాళ్ళ పంతులే.

ఆ శనివారం మధ్యాహ్నం సరళక్క ఇంటికి వెళ్ళాను. వంటింట్లో గిన్నెకి అడుగున సర్వపిండి వత్తుతోంది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను.

"మీ మాట విని నా బతుకు తగలబెట్టుకున్నాను. మీకేం అక్కా? మీరు చెప్పారు, ఆయన ఒప్పుకున్నారు, ఇప్పుడు అందరి ముందూ మీ ఎంగిలి తింటున్నారు. అదృష్టం మీకు, ఉపన్యాసాలు మాకు."

ఆమె పిండిలో వేలితో చిల్లులు పెట్టడం ఆపలేదు. "అయిందా?" అంది. "నేనెప్పుడు చెప్పిన్నే? పెండ్లప్పుడు నాకే ఎరుక లేకుండె. మా బిడ్డ వెన్నెల కడుపుల పడ్డంక టెస్టుల దొరికింది. మోసం చేసినవన్నడు మీ అన్న. డాక్టర్ ముందల తలకాయ ఊపి, ఇంటికొచ్చి నా కంచం, నా గ్లాసు పక్కకు పెట్టిండు. టీకాలు ఏసుకున్నడు, అయినా పెట్టిండు. పక్క గదిల పండుకున్నడు. మూడేండ్లు."

ఆవిడ గిన్నె స్టవ్ మీద పెట్టి, చిల్లుల్లో నూనె వేసి, మూత పెట్టింది.

"ఒకనాడు పిల్ల నా కంచంల చెయ్యి పెట్టి తింటుంటే గుంజిండు. 'ఎందుకు డాడీ?' అని అడిగింది. పిల్లకు పుట్టంగనే సూదులిచ్చిన్రు, ఏం భయం లేదని ఆయనకు ఎరికే. ఏం చెప్తడు? కూసుని నా కంచంలదే తిన్నడు, ఏడుసుకుంట. అప్పటిసంది ఎవరింటికి వోయినా అందరి ముందట తింటడు. ప్రేమ అనుకుంటున్నవా? ఉంటది, లేదనను. గనీ అది ఆయన తనకు తాను ఏసుకున్న శిక్ష."

"సారీ అక్కా" అన్నాను.

"సారీ ఎందుకు. నాకు నీ మీద కుళ్ళయితది, ఎరికేనా? నిన్ను వద్దన్నోడు కాలిఫోర్నియాల ఉన్నడు, ఫోన్ పెట్టేస్తే అయిపాయె. నన్ను వద్దన్నోని బట్టలు నేనే ఉతికిన, ఆయనకు అన్నం నేనే వండిన. నీ లెక్క ముందుగాల చెప్పే మోక నాకు దొరకలే. నీ అసుంటి మోక నాకు దొరికుంటే ఎంత బాగుండె" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

నేను నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను. ఇల్లూ మొగుడూ పిల్లా ఉన్న మనిషి, సంబంధం చెడిన నన్ను చూసి ఏడవడమేమిటి? ఆమె వేడి సర్వపిండి తుంచి పెడితే తిని, అదే మంటతో ఇంటికి వచ్చాను. రమేష్ అన్నకి బాతెల్‌లో ఉద్యోగం దొరికి వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఆమె నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కారు కదులుతుంటే, వెనక సీట్లో వెన్నెల పక్కన పెట్టిన కంచాల డబ్బా చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.

నాకు ఇంకా పెళ్ళి కాలేదు. ఆ తరవాత వచ్చిన సంబంధాలకి మొదటి ఫోన్‌లోనే చెప్పేశాను. ప్రతిసారీ ఏదో ఒక జాతకం కలవలేదు. ఒకతను మాత్రం జాతకం సంగతి ఎత్తకుండా భయమేస్తోందని ఒప్పుకున్నాడు. అతనంటే ఇప్పటికీ గౌరవమే. విజయగారికి కూడా నేనే స్వయంగా చెప్పాను. ఆవిడ నాకూ ఒక కాగితం ప్లేటు తీసింది, నేనూ స్టీలుదే అడిగి తీసుకున్నాను. ఇవ్వడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది, ఇచ్చింది. ఊళ్ళో ఇప్పుడు నన్ను 'ఆ హెపటైటిస్ అక్క' అంటారని తెలుసు. అనుకోనీ.

ఈ వేసవిలో సాహితి అనే పిల్ల మా ఇంటికి వచ్చింది. ఖమ్మం నుంచి ఎం.ఎస్.కి వచ్చిన అమ్మాయి. ఎవరో నా నంబరిచ్చారట. తనకీ హెపటైటిస్ బీ ఉందని వారం కిందటే తెలిసిందట. సోఫా అంచున కూర్చుని, టీ కప్పుని ముట్టుకోకుండా, నేను చెప్పినదంతా విన్నది. పరీక్షలు, టీకాలు, ఏది అంటుతుంది, ఏది అంటదు, అన్నీ చెప్పాను. మధ్యలో ఫోన్ మోగింది. ఆఫీస్ వాళ్ళు ఏదో పార్టీకి పిలిస్తే, "వస్తాను, వైన్ మాత్రం తాగను, నాకు హెపటైటిస్ బీ ఉందిగా, లివర్‌ని జాగ్రత్తగా చూసుకోవాలి" అని మామూలుగా చెప్పి పెట్టేశాను. తల తిప్పేసరికి ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"మీకేంటక్కా" అంది. "మీకు దాచుకోడానికేం లేదు. హాయిగా పడుకుంటారు."

గొంతులో గౌరవం లేదు, కృతజ్ఞత లేదు. పచ్చి ఓర్వలేనితనం. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఏళ్ళ తరబడి నేను సరళక్క కంచం మీద పెట్టిన చూపే. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఒంటరి అపార్ట్‌మెంట్, ఆరు నెలలకోసారి సూది, ఇన్ని ఉన్న నన్ను చూసి ఒక పిల్ల కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది. నా దగ్గర కోరుకోదగ్గది ఒకటి ఉందని అప్పుడే నాకు తెలిసింది. ఆ పిల్లని పక్కకి లాక్కుని ధైర్యం చెప్పాలి, చెప్పాను కూడా. కానీ ముందు ఒక నిమిషం ఆ చూపుని ఆనందంగా అనుభవించాను. నీ మీద కుళ్ళుగా ఉందని సరళక్క అన్నప్పుడు నేను నమ్మలేదు. ఈసారి నమ్మాను.