కోడలి పిడికెడు

మా మందిరం గుమ్మం పక్కన ఒక వెదురు బుట్ట ఉంటుంది. సంఘంలో ప్రతి ఇల్లాలూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం దేవుని పేరట తీసి పక్కన పెడుతుంది. ఆదివారం తెచ్చి బుట్టలో పోస్తుంది. ఆరాధన అయ్యాక వాటిని విధవరాండ్రకు పంచడం స్త్రీల సమాజం తరఫున నా పని.

ఆ వరుసలో ఎప్పుడూ చివర ఒక అత్తా కోడలూ నిలబడేవారు. ఇద్దరూ విధవరాండ్రే. ఆ ఇంటి కొడుకు కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడిపోయి చనిపోయాడు. మిగిలింది ఇద్దరికీ కలిపి ఒక రేషను కార్డు. నెలనెలా బియ్యం, అత్తగారి పింఛను, ఆవిడ గుండెజబ్బుకు ఉచిత వైద్యం, అన్నీ ఆ కార్డు మీదే.

కిందటేడు కోడలికి అమలాపురంలో ప్రభుత్వ వసతి గృహంలో వంటపని దొరికింది, కాంట్రాక్టరు కింద. దానికోసం మేమంతా ఉపవాసం ఉండి ప్రార్థించాం. ఆ ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"ఇకనించి బియ్యం నాకొద్దండీ. నేనే తెత్తానండీ."

మందిరమంతా స్తోత్రం అన్నది. మరుసటి వారం కొత్త స్టీలు డబ్బాతో వచ్చింది. వెనకే అత్తగారు.

"టీచరుగారండీ, మా కోడలు ఆఫీసరయిపోయిందండీ. ఇంక నేను కాలు మీద కాలేసుకు కూచోటమే."

"ఆయ్. ముందా కాలికి తైలం రాసుకో అత్తా" అంది కోడలు.

కొన్ని నెలలకు పింఛను ఆగిపోయింది. ముగ్గురం గ్రామ సచివాలయానికి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మర్యాదగానే చూశాడు.

"ఇంట్లో గవర్నమెంటు జీతం ఉన్నట్టు కంప్యూటరు చూపిస్తోందండీ. అందుకే కార్డు తీసేసింది."

"వంటపని బాబూ. ఆ కాంట్రాక్టరు జీతం ఎప్పుడిత్తాడో ఆడికే తెలీదు" అంది కోడలు.

"నిజమేనండీ. కంప్యూటరుకి అది తెలీదు కదండీ."

పోనీ పెద్దావిడకి వేరే కార్డు ఇమ్మన్నాను. ఒకే ఇంట్లో ఒంటరి మనిషికి విడిగా ఇవ్వడం కుదరదన్నాడు.

బయట మెట్ల మీద కూర్చుని అత్తగారు అంది, "నే పోతే కార్డుతో పనుండదు, నీ ఉద్యోగం నిలబడుద్దే."

"నువ్వు పోతే నన్ను తిట్టేదెవరు?" అంది కోడలు. ఇద్దరూ నవ్వలేదు.

పొలం కోసినప్పుడు రాలిన పరిగెను పేదలకు విడిచిపెట్టమని దేవుడు ధర్మశాస్త్రంలో రాయించాడు. ఏరుకునే మనిషికి రేపు కూలి దొరికితే పరిగె మానుకోవాలని ఆయన రాయించలేదు. ఇంటికి వచ్చి ఆ భాగం మళ్ళీ చదువుకున్నాను.

వానాకాలంలో పెద్దావిడకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో కార్డు అడిగారు. లేదంటే ముందు డబ్బు కట్టమన్నారు. సంఘంలో తలా కొంత వేసుకుని కట్టాం. ఆవిడ ఇంటికి రాగానే కోడలు పని మానేస్తానంది. తొందరపడవద్దని బతిమాలాను.

"అక్కడ నన్ను కార్డుందా అని అడిగేరండీ. ఉద్యోగముందా అని ఎవరూ అడగలేదు" అంది.

ఏ ఉద్యోగం కోసం మోకాళ్ళ మీద ఉన్నామో, అదే పోవాలని దేవుణ్ణి ఎలా అడగాలో నాకు తెలియలేదు. ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే.

ఆమె పని మానేసింది. కార్డు మాత్రం రాలేదు. ఉద్యోగుల జాబితాలో ఆమె పేరు ఇంకా అలాగే ఉందట. కాంట్రాక్టరు తీయించాలట. ఆయన ఫోను ఎత్తడు.

కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక వరుస చివర పెద్దావిడ ఒక్కతే నిలబడింది. కోడలేదీ అని అడిగాను. చూపుడువేలితో గేటు వైపు చూపించింది. కోడలు గేటు బయట కాలవ వైపు తిరిగి నిలబడి ఉంది.

నేను రెండు సోలలు కొలిచి పెద్దావిడ కొంగులో పోశాను. ఆవిడ కొంగు ముడి వేసుకోలేదు. అందులోంచి ఒక పిడికెడు తీసి వంగి బుట్టలో వేసింది.

"ఇది మా కోడలిదండీ. పిడికెడు పెట్టడం మానలేదని చెప్పమంది."

అలాగేనని తల వంచాను. బుట్టలో మిగతావాళ్ళు తెచ్చిన బియ్యం మీద ఆ పిడికెడు కాసేపు కుప్పగా నిలిచింది. తర్వాత జారి కలిసిపోయింది.