పోర్టల్ మూసేలోపు

మా అమ్మాయిని కాలేజీ టీమ్‌లోకి తీసుకున్న కోచ్ వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతోందన్న సంగతి మాకు మిషిగన్‌లో మేముండే నోవైలోని ఇండియన్ స్టోర్‌లో తెలిసింది. నేను కరివేపాకు ఏరుకుంటున్నాను. బండి తోస్తున్న మావారు ఫోన్ చూసి ఆగిపోయారు. అమ్మాయి పంపిన మెసేజ్‌లో ఒక్కటే ముక్క ఉంది: "కోచ్ వెళ్ళిపోతోంది." ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిల్లు కడుతుండగా తనే చేసింది. వెనకాల ఎవరో ఏడుస్తున్న చప్పుడు.

"లాకర్ రూమ్‌లో మీటింగ్ పెట్టిందమ్మా. పెద్ద యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చిందట. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది, దట్స్ ఇట్."

ఆ కోచ్ మంచు తుఫానులో కారేసుకుని మా ఇంటికొచ్చిన మనిషి. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పెసరట్టు తిని, మావారి చెయ్యి పట్టుకుని, "నాలుగేళ్ళూ మీ అమ్మాయి బాధ్యత నాది" అంది. ఆ మాట మీదే ఒహాయోలో ఉన్న ఆ కాలేజీకి పంపించాం. తెలిసినవాళ్ళంతా బాస్కెట్‌బాల్ కోసం కాలేజీకి వెళ్ళడమేంటని వింతగా చూశారు. వాళ్ళ పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నారు. మా పిల్ల ఆడుతూనే నర్సింగ్ చదువుతోంది. ఈ ఆటకి తను కాస్త పొట్టే గానీ, చేతిలో బంతి ఉంటే ఎవరికీ దొరకదు. పాయింట్ గార్డ్ అంటారు, బంతి తెచ్చి మిగతావాళ్ళ చేత ఆట ఆడించే ప్లేయర్. రెండో ఏడాది మొత్తం ఆ చోటు తనదే.

ఆ వారం తిరిగేలోపు టీమ్ చెల్లాచెదురైపోయింది. కాలేజీ మారాలనుకున్న ప్లేయర్లు పేరు వేసుకునే వెబ్‌సైట్ ఒకటుంది, పోర్టల్ అంటారు. అందులో పేరు పడితే దేశంలో ఏ కోచ్ అయినా ఫోన్ చేసి రమ్మనవచ్చు. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది పాటు ఆడనిచ్చేవాళ్ళు కాదట. ఇప్పుడు ఆ అడ్డు లేదు. పైగా ఇప్పుడు కాలేజీలే ప్లేయర్లకి డబ్బులివ్వచ్చు. ఎక్కువిచ్చే చోటికి పిల్లలు వెళ్తున్నారు, మెరుగైనవాళ్ళు దొరికితే కోచ్‌లు ఉన్నవాళ్ళని వదిలించుకుంటున్నారు. పాత కోచ్ తనతో ఇద్దరిని తీసుకెళ్ళింది. మా అమ్మాయిని అడగలేదు. ఆ తర్వాత ఆ కోచ్ ఇచ్చిన స్వెట్‌షర్ట్ తను మళ్ళీ వేసుకోగా నేను చూడలేదు.

కొత్తగా వచ్చిన కోచ్ ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. "నువ్వు మంచి ప్లేయర్‌వి. కానీ నా పాయింట్ గార్డ్ నాతోపాటే వస్తోంది. ఉంటానంటే ఉండు. ఆడిస్తానని మాత్రం మాట ఇవ్వలేను" అన్నాడట.

మావారిది కరీంనగర్. ఇంట్లో ఏదైనా కష్టం మీద పడితే ఆయన మాట అక్కడి యాసలోకే వెళ్ళిపోతుంది. "ఉండు బిడ్డా. డిగ్రీ ముఖ్యం. ఆట ఎన్నిరోజులుంటది?" అన్నారు.

"బెంచీ మీద కూర్చోడానికైతే ఐ వుడంట్ హావ్ కమ్ హియర్, నాన్నా," అంది. మరునాడే పోర్టల్‌లో పేరు వేసేసుకుంది. పేరు వేసుకున్నాక ఇక్కడి స్కాలర్‌షిప్ ఉంచాలా తీసేయాలా అన్నది కాలేజీ ఇష్టమని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. అంటే వెనక మెట్టు తీసేసుకుని ముందుకు కాలు చాపడమే.

మొదట్లో ఫోన్లు బాగానే వచ్చాయి. ఏజెంట్‌నంటూ ఒక కుర్రాడు మాట్లాడాడు. మా అమ్మాయి మార్కెట్ వాల్యూ గురించి నాకే వివరించబోయాడు. నేను వింటూ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. అందరికీ అనుభవమున్నవాళ్ళు కావాలి, పొడుగువాళ్ళు కావాలి. అమ్మాయి ఇంటికొచ్చేసింది. భోజనం చేస్తున్నా ఫోన్ కంచం పక్కనే, తెర పైకి పెట్టి ఉంచేది. అది వెలిగితే ముగ్గురం తినడం ఆపేవాళ్ళం.

అప్పుడొచ్చింది అమెరికా దక్షిణాది నుంచి ఆ ఫోన్. పేరున్న యూనివర్సిటీ. నర్సింగ్ ఉంది, చదివిన క్లాసులు దాదాపు అన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఫీజు వాళ్ళే కట్టి, పైన జీతం లాగా డబ్బిస్తారు. ఆ కోచ్ చెప్పిన అంకె విని మావారు కుర్చీ ఫోన్ దగ్గరికి జరుపుకున్నారు. "ఈ శనివారం రండి. చూసి, ఆదివారం ఉదయానికల్లా ఏదో ఒకటి చెప్పేయండి," అందావిడ. మావారికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నేను బయల్దేరాను.

అక్కడ మాకు క్యాంపస్ చూపించడానికి ఆ టీమ్‌లోని ఒక అమ్మాయినే పంపారు. సన్నటి జడలు, మోకాలికి పట్టీ. నన్ను ప్రతి మాటకీ "మ్యామ్" అంటూ, వద్దన్నా నా బ్యాగ్ తీసుకుని మోసింది. డైనింగ్ హాల్ చూపించి ఇక్కడ రోజూ అన్నం ఉంటుందని నాకోసం ప్రత్యేకంగా చెప్పింది. మోకాలికి ఆపరేషన్ అయిందనీ, వచ్చే సీజన్‌కి పరిగెత్తేస్తాననీ, తను ఆడే ప్రతి మ్యాచ్‌కీ వాళ్ళ అమ్మమ్మ చర్చి స్నేహితులని వ్యాన్‌లో ఎక్కించుకుని వస్తుందనీ చెప్పింది. "నువ్వొస్తే మనిద్దరం కలిసి ఆడొచ్చు," అంది మా అమ్మాయితో. ఇద్దరూ అప్పటికే నవ్వుకుంటున్నారు. నాకు ఆ ఊరు నచ్చింది.

తర్వాత కోచ్ గదిలోకి మేమిద్దరమే వెళ్ళాం. మా అమ్మాయి ఆట వీడియోలు వేసి చూపించింది ఆవిడ. మంచి చూపున్న మనిషి, పిల్ల ఎడమ చేత్తో చేసే తప్పు కూడా పట్టుకుంది. చివర్లో మా అమ్మాయి అడిగింది, "నా పొజిషన్‌లో ఇంకా ఎవరున్నారు?"

"ఇందాక నీకు క్యాంపస్ చూపించింది కదా, ఆ అమ్మాయి. నువ్వు ఆ విషయం పెట్టుకోకు. సోమవారం తనతో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారు?"

"వచ్చే ఏడాది తను ఆడదని. స్కాలర్‌షిప్ ఉంటుంది, చదువుకోవచ్చు. తనకిచ్చే డబ్బు మాత్రం నీకు వస్తుంది."

మా అమ్మాయి ఫోన్‌లో తేదీ చూసుకుంది. "పోర్టల్ రేపటితో మూసేస్తారు కదా," అంది. ముందే పేరు వేసుకున్నవాళ్ళు తర్వాత ఎప్పుడైనా చేరొచ్చు గానీ, కొత్తగా పేరు వేసుకోడానికి ఆదివారమే ఆఖరు. సోమవారం ఆ పిల్లకి తెలిసినా ఆ ఏడాదికి ఇక ఎక్కడికీ కదలలేదు.

కోచ్ తల దించుకోలేదు. "ముందే చెప్పేసి, ఆ తర్వాత నువ్వు రానంటే నా దగ్గర ఎవరుంటారు? నన్నూ ఇలాగే చూస్తారు. వరసగా ఓడితే నన్ను కూడా ఒక సోమవారం పిలుస్తారు," అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. నన్ను భయపెట్టింది అదే.

బయట ఆ అమ్మాయి మాకోసం నిలబడి ఉంది. హోటల్ దగ్గర దింపుతానని తన కారు తెచ్చింది. మా అమ్మాయి ముందు కూర్చుంది, నేను వెనక. ఆ పిల్ల ఏదో చెబుతూ డ్రైవ్ చేస్తోంది. మా అమ్మాయి మెడ బిగుసుకుపోయి ఉంది.

మా అమ్మాయి తెలుగులో సగం ఇంగ్లీషే ఉంటుంది. ఆ కారులో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా వాడడానికి లేదు. కోచ్ అనకూడదు, పోర్టల్ అనకూడదు. నా వైపు తిరగకుండా, మాట మాటకీ ఆగి వెతుక్కుంటూ మాట్లాడింది.

"అమ్మా. తనకి తెలీదు."

"అవును."

"చెప్పాలి. నేను."

"ఇప్పుడు కాదు. నాన్నతో మాట్లాడదాం ముందు."

"రేపు తలుపు మూస్తారు. తరువాత తను... లోపల ఉండిపోతుంది."

"నువ్వు చెప్తే ఆ పెద్దావిడ నిన్ను రానివ్వదు. పాత చోటు కూడా లేదు నీకు. ఆలోచించు."

"ఆలోచించాను అమ్మా. నేను ఇలా వస్తే, నన్ను కూడా ఇలా..." ఆ వాక్యం పూర్తి చేయడానికి తన దగ్గర మాటలు లేవు. నాకు పూర్తిగానే అర్థమైంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ పిల్ల అద్దంలో నన్ను చూసి నవ్వింది. "మీ భాష వినడానికి బాగుంది, మ్యామ్. ఏం మాట్లాడుకుంటున్నారు?"

"అమ్మకి ఆకలిగా ఉందట," అంది మా అమ్మాయి. ఆ పిల్ల వెంటనే దగ్గర్లో ఎక్కడ ఏది బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టింది.

హోటల్ పార్కింగ్‌లో కారు ఆగింది. నేను దిగాను. మా అమ్మాయి దిగలేదు. కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆపాలంటే అదే సమయం. "పద" అనొచ్చు, చెయ్యి పట్టుకుని లాగొచ్చు. నేను తలుపు మూసి రెండడుగులు వెనక్కి వేశాను.

అద్దాలు దించే ఉన్నాయి గనక అన్నీ వినపడ్డాయి. మా అమ్మాయి దాచకుండా చెప్పింది, కోచ్ ఏమందో, సోమవారం ఎందుకో. ఆ పిల్ల మొదట నవ్వింది. "నిన్న కూడా నా మోకాలు ఎలా ఉందని అడిగింది కోచ్," అంది. అప్పుడడిగింది, "ఇది తెలిసే నా కారెక్కావా?"

"ఎలా చెప్పాలో తెలీలేదు."

"నువ్వు నా చోటు తీసుకోడానికి వచ్చావు. వచ్చినదానివి నువ్వే చెప్తే నేను నీకు థాంక్స్ చెప్పాలా?"

"అక్కర్లేదు."

"దిగు."

మా అమ్మాయి దిగింది. కారు కాసేపు అక్కడే ఉంది, ఇంజన్ ఆడుతూ. ఆ పిల్ల ఎవరికో ఫోన్ చేస్తోంది. వాళ్ళ అమ్మమ్మకేమో అనుకున్నాను. తర్వాత వెళ్ళిపోయింది.

గదిలోకి వెళ్ళి మావారికి ఫోన్ చేశాం. ఆయన అంతా విన్నారు. "గట్ల ఎందుకు చెప్పినవ్ బిడ్డా? నీ సంగతేంది ఇప్పుడు?" అన్నారు. అమ్మాయి ఫోన్ మంచం మీద పెట్టి, పక్కనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "సరే. చెప్పినవ్ గదా. ఇంక దాన్నే తలచుకోకు. పోయి అన్నం తినుర్రి," అన్నారు చివరికి.

సాయంత్రం కాకుండానే కోచ్ ఫోన్ చేసింది. ఆ పిల్ల నేరుగా వెళ్ళి నిలదీసిందట. "నా టీమ్‌లో విషయం బయటికి మోసేవాళ్ళు నాకు వద్దు," అని పెట్టేసింది. పొద్దున్న ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, క్యాబ్ పిలుచుకున్నాం. గేట్ దగ్గర కూర్చున్నప్పుడు అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. పోర్టల్‌లో కొత్తగా చేరిన పేర్లలో ఆ పిల్ల పేరుంది. తన నుంచి మాత్రం మెసేజ్ ఏమీ లేదు, ఆ తర్వాత కూడా రాలేదు. ఆ మోకాలితో ఆమెని ఎవరు తీసుకుంటారోనని నేను విమానంలో ఆలోచిస్తూ కూర్చున్నాను. పక్క రాష్ట్రంలో ఒక కాలేజీ తీసుకుందని ఎండాకాలంలో తెలిసింది.

మా పిల్లని ఎవరూ తీసుకోలేదు. ఒహాయోలో తన స్కాలర్‌షిప్ అప్పటికే వేరే ఎవరికో ఇచ్చేశారు. ఏప్రిల్ పోయింది, మే వచ్చింది. ఆ దక్షిణాది కోచ్ ఇతర కోచ్‌లకి ఏమైనా చెప్పిందా అన్న అనుమానం నన్ను తినేసింది. రుజువేమీ లేదు, కానీ మోగని ఫోన్ ఎంత అనుమానాన్నైనా పెంచుతుంది. అమ్మాయి పొద్దున్నే కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్ళి ఒక్కతే బాస్కెట్‌లోకి బంతి వేసే ప్రాక్టీస్ చేసుకుని వచ్చేది. ఒకరోజు షూస్ విప్పుతూ, "తప్పు చేశానా అమ్మా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. "భయమేస్తోందా?"

"చాలా."

"నాకూ."

జూన్‌లో మిషిగన్‌లోనే ఒక చిన్న కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, మా ఇంటికి గంట దూరం. ఆ కోచ్ నసుగుతూ మాట్లాడింది. "నా దగ్గర ప్లేయర్లకిచ్చే డబ్బు లేదు. ఫీజు కూడా మొత్తం ఇవ్వలేను. ఉన్న పాయింట్ గార్డ్ నిన్న వెళ్ళిపోయింది." అమ్మాయి నర్సింగ్ క్లాసుల గురించి అడిగింది. కొన్ని మళ్ళీ చదవాలి, డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది. ఫోన్ మ్యూట్‌లో పెట్టి మా ఇద్దరినీ చూసింది. మావారు తలూపారు. తను మ్యూట్ తీసి, "వస్తాను," అంది.

ఇప్పుడు అక్కడే ఆడుతోంది. వారంలో కొన్ని రోజులు హాస్పిటల్‌లో క్లినికల్స్ అనే నర్సింగ్ ట్రైనింగ్, అది కాగానే యూనిఫామ్ మార్చుకుని నేరుగా ప్రాక్టీస్‌కి వెళ్తుంది. జిమ్ చిన్నది, సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. గెలిచిన రోజు ఫోన్‌లో తన గొంతు వింటే పిల్ల బాగానే ఉందనిపిస్తుంది. ఓడి ఇంటికొచ్చిన రోజు మాత్రం, ఆ దక్షిణాది యూనివర్సిటీ మ్యాచ్ టీవీలో వస్తే ఛానెల్ మార్చమంటుంది.

పోయిన వారం మంచులో డ్రైవ్ చేసుకుని మ్యాచ్‌కి వెళ్ళాం. నా పక్కన ఒక తల్లి కూర్చుంది. వాళ్ళ అమ్మాయి ఈ సీజన్‌కే వచ్చింది, ఇది మూడో కాలేజీ అట. మా అమ్మాయి ఒహాయోలో ఉన్నప్పుడు తల్లులందరం ఫోన్ నంబర్లు తీసుకునేవాళ్ళం, ఒకరి పిల్ల పుట్టినరోజుకి ఇంకొకరు కేక్ తెచ్చేవాళ్ళం. ఆవిడని నంబర్ అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాను.

"ఇక్కడే ఉంటారా మీరు?" అన్నాను చివరికి.

"ఈ ఏడాదికైతే ఉన్నాం," అందావిడ, కోర్టు మీద నుంచి చూపు తిప్పకుండా.

నేను ఫోన్ తీసి నంబర్ అడిగాను.