ఆయన తలకెత్తుకున్న నా తప్పు

మా ఆఫీసులో ఇరవై ఏళ్ళు డ్రాయింగులు చూసిన పెద్దాయన పోయారని ఉదయగిరి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశారు. "మామ పొద్దున్నే పోయినాడు సార్. ముందు మీకే చెప్పమనింది అత్త" అన్నారు. ముందుగా కబురు అందుకోవాల్సిన మనిషిని నేను కాను. ఎందుకో ఇప్పుడైనా చెప్పుకోవాలి.

ఆత్మకూరులో ఎరువుల కొట్టు మీది గదిలో మాది చిన్న డిజైన్ ఆఫీసు. షెడ్లు, చిన్న వంతెనలు, నీళ్ళ ట్యాంకులు మా పని. అప్పట్లో ఉన్నది ముగ్గురం. యజమాని డిజైన్ చేస్తారు, నేను కంప్యూటర్లో గీస్తాను, పెద్దాయన సరిచూసి ఫైళ్ళు భద్రం చేసేవారు. ప్రతి డ్రాయింగుకీ ఒక నంబరు, మార్చినప్పుడల్లా పక్కన ఒక కొత్త అక్షరం, ఏం మారిందో నోటుబుక్కులో ఒక వాక్యం. కొత్తది రాగానే పాత ఫైలును వేరే ఫోల్డర్లోకి తోసేసేవారు.

నా ఫైళ్ళ పేర్లు 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్'.

"ఫైనల్ అనేది ఒక పేరా అబ్బయా? రేపు నువ్వు మనసు మార్చుకుంటే అది అబద్ధమైపోతాది" అనేవారు. నేను నవ్వేస్తే, "కోసేవాడికి నీ మనసులో ఏముండాదో ఎట్టా తెలుస్తాది? కోసినాక ఇనుము పెరగదు" అనేవారు. చాదస్తమనుకున్నాను.

రెండేళ్ళ కిందట కలువాయి దగ్గర ఒక గొర్రెల కాపరి కుటుంబానికి షెడ్డు గీశాం. మంద పెరిగిందని వాళ్ళు వెడల్పు రెండడుగులు పెంచమన్నారు. మార్చాను. పెద్దాయన సెలవులో ఉన్న రోజు వెల్డింగ్ షాపువాళ్ళు తొందరపెడితే, నోటుబుక్కు తెరవకుండానే ఆఫీసు మెయిల్ నుంచి 'ఫైనల్' పంపేశాను. అది పాతది.

కొత్త వెడల్పుకు నాటిన స్తంభాల మీదికి పైకప్పు ఫ్రేములు ఎత్తితే రెండడుగులు తక్కువపడ్డాయి. మళ్ళీ చేయించేలోగా వానలు పట్టుకున్నాయి. తడిసి ఆరు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి.

"పాత డ్రాయింగ్ ఎవరు పంపించింది?" అని యజమాని మా ఇద్దరినీ అడిగారు. నేను కంప్యూటర్ వైపు తిరిగాను. పెద్దాయన ఒక్కసారి నా వైపు చూశారు.

"ఫైళ్ళు చూసేది నేను సార్. పాతదాన్ని ఆడ ఉండనిచ్చినాను. తప్పు నాదే."

కలువాయికి కూడా ఆయనే వెళ్ళి, ఆ ఇల్లాలి తిట్లు తలవంచుకుని విన్నారు. మూడు నెలలకు యజమాని, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నారు. వెళ్ళేరోజు మెట్ల మీద నేను "సార్, ఆ రోజు..." అని నసిగాను.

"తెలుసులే అబ్బయా. మళ్ళీ అట్టా చెయ్యబాక" అని దిగిపోయారు.

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. నేను ఎక్కువ సిగ్గుపడేది ఆ ఊపిరికే. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఎన్ని బస్సులు లేవు? ఇన్నాళ్ళలో ఒక్కటీ ఎక్కలేదు.

మొన్న యజమానితో కలిసి వెళ్ళాను. పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నీ మాటే చెప్తా ఉండేవాడు నాయనా, మంచి పనోడని" అన్నారు. అప్పుడిక ఆగలేకపోయాను. అందరి ముందే యజమానితో చెప్పాను: "సార్, ఆ షెడ్డు డ్రాయింగ్ పంపింది నేను."

యజమాని నా వైపు తిరిగారు. "ఆయన ఉన్నప్పుడు చెప్పుండాల్సింది" అని మాత్రం అన్నారు. ఆమె నా చెయ్యి వదల్లేదు.

బయలుదేరుతుంటే అల్లుడు, పెద్దకర్మకు పెట్టడానికి ఆఫీసులో తీసిన ఫోటో ఏమన్నా ఉందా అని అడిగారు. ఫోనంతా వెతికాను. అన్నీ డ్రాయింగులే. ఒక్కదాంట్లో మాత్రం, చుట్టుకుపోతున్న కాగితం మూలను అదిమిపట్టిన ముసలి చెయ్యి ఒకటి ఉంది. మణికట్టు దగ్గర ఫోటో ఆగిపోయింది.